గది కొలత తెలిశాకే పాత స్పీకర్ల బేరం

బరంపురంలో ఒక తెలుగు గ్రంథాలయం ఏర్పాటు చేసిన సాయంకాల సభలో చేసిన ప్రసంగ పాఠం

సభకు నమస్కారం. పెద్దలకు వందనాలు.

పోయిన నెలలో మన గ్రంథాలయ కార్యదర్శి గారు మా ఇంటికి వచ్చి, కాసేపు కూర్చుని ఘంటసాల పాటలు రెండు మూడు విన్నారు. వెళ్లబోతూ గుమ్మంలో ఆగి, "మాస్టారూ, ఈ స్పీకర్లు ఎక్కడ కొన్నారు, ఎంత పెట్టారు?" అని అడిగారు. ఆ రెండు ప్రశ్నలకు జవాబు ఒక్క నిమిషంలో అయిపోయింది. ఆ గదిలోకి ఆ స్పీకర్లే ఎందుకు వచ్చాయన్నది చెప్పడం మొదలుపెడితే గంట పట్టింది. చెప్పులు వేసుకున్న ఆయన మళ్లీ విప్పి లోపలికి వచ్చి కూర్చున్నారు. "ఇదంతా సభలో చెప్పండి" అని ఆయన అన్న మాట మీదనే ఈ సాయంత్రం మీ ముందుకు వచ్చాను.

నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. స్పీకర్ల వ్యాపారం నాకు లేదు, మెకానిక్ పని కూడా అవసరం కొద్దీ నేర్చుకున్నదే. అయితే నలభై ఏళ్లుగా పాట వినడం మీద ఉన్న మమకారం వల్ల చాలా జతలు చూశాను, కొన్ని కొన్నాను, కొన్నింటిని విప్పి బాగుచేసుకున్నాను. ఈ మధ్య మన ఊళ్లో చాలామంది అటక మీది రికార్డు ప్లేయర్లు దింపి దులుపుతున్నారు. మా వీధి కుర్రాడొకడు సూరత్ నుంచి పండక్కి వస్తూ, బట్టల మూటకు బదులు ఒక పాత స్పీకర్ల జతను మోసుకొచ్చాడు. అటువంటి వారికి పనికొచ్చే మాటలు చెప్పాలన్నది నా కోరిక.

పాత స్పీకర్లు కొనాలనుకునేవారు ముందు కంపెనీ పేరు అడుగుతారు, తరువాత వాట్లు అడుగుతారు, ఆ తరువాత ధర అడుగుతారు. వాటిని పెట్టబోయే గది పొడవెంత, వెడల్పెంత అని అడిగినవారిని నేను ఇంతవరకు ఒకరిద్దరిని మించి చూడలేదు. నన్నడిగితే ముందుగా టేపు పట్టుకుని గదిని కొలవాలి, తరువాత ఆ గదిలో మనం వినబోయేది ఏమిటో తేల్చుకోవాలి, అప్పుడే బజారుకు బయలుదేరాలి. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను.

మన పాత బరంపురం వీధుల్లోని ఇళ్లు మీకు తెలియనివి కావు. పక్కింటి గోడా మన గోడా ఒక్కటే. వీధి వైపు అరుగు, అరుగు వెనక ఒక గది, దాని వెనక మరొకటి, రైలు పెట్టెల్లాగా వరుసగా సాగి చివరికి పెరట్లో తేలుతాయి. మా ఇంట్లో పాటలు వినే గది వెడల్పు 10 అడుగులు, పొడవు 15 అడుగులు, ఎత్తు కూడా 10 అడుగులే. ఎదురెదురు గోడల మధ్య శబ్దం అటూ ఇటూ తగిలి తిరిగి వస్తుంటుంది. ఏ స్వరం తరంగంలో సగం పొడవు ఆ గోడల మధ్య దూరానికి సరిగ్గా సరిపోతుందో, ఆ స్వరం గదిలో పాతుకుపోయినట్టు నిలబడి మోగుతుంది. మన ఎండల్లో, 30 డిగ్రీల దగ్గర, శబ్దం సెకనుకు సుమారు 349 మీటర్లు, అంటే దాదాపు 1145 అడుగులు పోతుంది. దాన్ని గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగించండి. 15 అడుగుల పొడవుకు 38 హెర్ట్జ్, అంటే సెకనుకు 38 కంపనాలు, వస్తుంది, 10 అడుగుల వెడల్పుకు 57 హెర్ట్జ్ వస్తుంది. ఎత్తు కూడా 10 అడుగులే కాబట్టి మళ్లీ అదే 57 వస్తుంది. రెండు వైపుల నుంచీ ఒకే స్వరానికి ఊతం దొరకడం వల్ల మా గదిలో ఆ చుట్టుపక్కల స్వరం ఏది పలికినా గోడల దగ్గర మోత, గది నడుమ వెలితి ఏర్పడుతుంది.

ఈ లెక్క పాటకు ఎక్కడ తగులుతుందో చూడండి. ఒకటో శ్రుతిలో పాడే గాయకుడి వెనక తంబూరాలో మంద్ర షడ్జం, అంటే కింది స, 65 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మృదంగం ఎడమ వైపు, తొప్పి అని మనవాళ్లు పిలిచే వైపు, గుమకీ అనే లోతైన నాదం కూడా ఆ పరిసరాల్లోకే దిగుతుంది. అంటే సంగీత కచేరీకి పునాది అయిన స్వరాలున్న చోటనే మా గది తన సొంత గొంతు కలుపుతోంది. అటువంటి గదిలోకి కింది స్వరాలు పలికే 12 అంగుళాల వూఫరు, ముందు పెద్ద రంధ్రం ఉన్న పెట్టెను తెచ్చిపెడితే, ఆ పెట్టె ఎంత గొప్పదైనా మృదంగం స్పష్టత పోయి బిందె మీద కొట్టినట్టు వినిపిస్తుంది. మనం స్పీకర్‌ను తిడతాం గాని, దోషం గదీ పెట్టే కలిసిన ఆ జోడీలో ఉంది.

లెక్కలు వద్దనుకునేవారు ఒక పని చేయవచ్చు. ఇంటికి సున్నాలు వేసే రోజుల్లో సామాన్లన్నీ బయట పెడతాం కదా, ఆ ఖాళీ గదిలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టి వినండి. రేకు మీద గులకరాళ్లు పోసినట్టు ఒక గణగణ వినిపిస్తే ఆ గదిలో పై స్వరాలు గోడల మధ్య ఆడుకుంటున్నాయని అర్థం. తరువాత ఒక పరుపు, రెండు బొంతలు, పుస్తకాల బీరువా లోపల పెట్టి మళ్లీ కొట్టండి. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వాలెస్ సెబైన్ అనే ఫిజిక్స్ అధ్యాపకుడు చేసినది దాదాపు ఇదే. కొత్తగా కట్టిన ఒక ఉపన్యాస మందిరంలో మాట అర్థం కావడం లేదంటే, పక్కనున్న నాటకశాలలోని కుర్చీ మెత్తలను విద్యార్థుల చేత రాత్రిపూట మోయించి, కొన్ని కొన్ని చొప్పున పరిచి, ఆర్గన్ గొట్టం శబ్దం ఎంతసేపట్లో ఆగిపోతుందో గడియారం పెట్టి కొలిచాడు. గదుల ధ్వనిశాస్త్రం ఆ మెత్తల మీద నుంచే లేచింది. కాకపోతే పరుపులూ బొంతలూ పై స్వరాలనే పీల్చుకుంటాయి, కింది స్వరాల మోతను అవి పెద్దగా తగ్గించలేవని గుర్తుంచుకోవాలి. ఆ మోతకు మన చేతిలో ఉన్న మందు సరైన పెట్టెను ఎంచుకోవడం, సరైన చోట పెట్టడం.

ఇక పెట్టెల విషయానికి వద్దాం. 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ అనే ఆయన అకౌస్టిక్ రిసెర్చ్ అనే కంపెనీ పేరుతో ఏఆర్-1 అనే స్పీకర్‌ను తెచ్చాడు. అంతకుముందు కింది స్వరాలు కావాలంటే బట్టల బీరువా అంత పెట్టె ఉండాలి. విల్చర్ ఆలోచన ఏమిటంటే, ముందుకూ వెనక్కూ కదిలి శబ్దం పుట్టించే గరాటు లాంటి కోన్ అంచును బాగా వదులుగా ఉంచి, పెట్టెను గాలి చొరకుండా మూసేస్తే, లోపలి గాలే స్ప్రింగులాగా పనిచేసి కోన్‌ను వెనక్కి లాగుతుంది. దానితో చిన్న పెట్టెలోనుంచే లోతైన స్వరం వచ్చింది. ఇలా మూసిన పెట్టెలో కింది స్వరాలు మెల్లగా తగ్గుతాయి. ఒక స్థాయి కిందికి, అంటే స నుంచి కింది స వరకు, దిగితే 12 డెసిబెల్స్ తగ్గుతాయి. డెసిబెల్ అంటే శబ్దం బలానికి కొలత. రంధ్రం ఉన్న పెట్టెలో ఒక హద్దు వరకు బలంగా ఉండి, ఆ తరువాత స్థాయికి 24 డెసిబెల్స్ చొప్పున ఒక్కసారిగా పడిపోతాయి. చిన్న గది తనంతట తానే కింది స్వరాలకు కొంత బలం ఇస్తుంది కనుక, మెల్లగా తగ్గే మూసిన పెట్టె దానితో కలిసిపోతుంది. నా అనుభవంలో 10 అడుగుల వెడల్పు గదికి 8 అంగుళాలు మించని వూఫరున్న మూసిన పెట్టె చాలాసార్లు సరిపోయింది. హాలు 15 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు ఉన్నవారు 10, 12 అంగుళాల వాటి జోలికి నిశ్చింతగా వెళ్లవచ్చు.

ఇంగ్లండులో బీబీసీ ఇంజినీర్లు బయటి ప్రసారాలకు వెళ్లే వ్యాన్ల వంటి ఇరుకు చోట్ల కోసం 1970లలో ఎల్‌ఎస్3/5ఏ అనే చిన్న స్పీకర్‌ను రూపొందించారు. ఎత్తు 30 సెంటీమీటర్లు, వెడల్పు 19 సెంటీమీటర్లు, అది కూడా మూసిన పెట్టే. దాన్ని రోజర్స్, స్పెండార్ వంటి కంపెనీలు అనుమతి తీసుకుని తయారుచేశాయి. స్పెండార్ అన్న పేరు దాన్ని స్థాపించిన బీబీసీ ఇంజినీరు స్పెన్సర్ హ్యూజ్, ఆయన భార్య డొరొతీ పేర్లు కలిపి పెట్టింది. ఆలుమగల పేర్లు కలిపి ఇంటికి పేరు పెట్టుకునే మన అలవాటు గుర్తొచ్చి, ఆ సంగతి తెలిసిన రోజున నాకు ముచ్చట వేసింది. ఈ ఇంగ్లీషు స్పీకర్ల గొప్పతనం మనిషి గొంతు దగ్గర ఉంది. వార్తలు చదివే గొంతు గొంతులాగా వినిపించడమే వాటిని చేసినవారికి మొదటి పరీక్ష. నేను వినేదాంట్లో ముప్పాతిక వంతు గొంతే కాబట్టి నా మనసు అటు మొగ్గింది. డోలు సన్నాయి, బ్యాండు, సింఫనీ నిండుగా వినాలనుకునేవారికి ఈ చిన్న పెట్టెలు చాలవు, వారికి వేరే దారి ఉంది. ఎల్‌ఎస్3/5ఏ అసలు జతల ధరలు పేరు వల్ల బాగా పెరిగిపోయాయి. ఆ పేరు కోసం అప్పు చేయనక్కర లేదని, ఆ కాలపు ఇంగ్లీషు చిన్న పెట్టెల్లో పేరు రానివి కూడా ఆ దారిలోనే నడిచాయని నేను చెవితో తెలుసుకున్నాను. మన దేశంలో కోల్‌కతాలో పుట్టిన సోనోడైన్ పాత జతలు కూడా దొరుకుతుంటాయి. బాగున్నవి దొరికితే వదలవద్దు.

ఇక్కడ ఒక పొరపాటు సంగతి చెప్పాలి. మైక్ సెట్ల దుకాణాలవారు పాత సామాను అమ్మేటప్పుడు చవగ్గా వస్తున్నాయని 15 అంగుళాల పెట్టెలను ఇళ్లకు తెచ్చుకుంటున్నారు. ఠాకురాణి యాత్ర, మన ఊరి అమ్మవారి జాతర, రోజుల్లో వీధి చివరి దాకా వినిపించాలని చేసిన పెట్టెలవి. ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో 97, 98 డెసిబెల్స్ మోగుతాయి. ఎల్‌ఎస్3/5ఏ అదే ఒక వాటుకు 82.5 డెసిబెల్స్ మాత్రమే ఇస్తుంది. 15 డెసిబెల్స్ తేడా అంటే అంతే మోత రావడానికి సుమారు 30 రెట్లు విద్యుత్తు కావాలన్నమాట. అలాగని మైక్ సెట్ పెట్టెను ఇంటికి తెస్తే మోత ఎక్కువై యాంప్లిఫయర్ నాబ్‌ను మొదటి గీత దాటించలేం. ఆ గీత దగ్గర పాత నాబ్‌లు ఎడమ కుడి స్పీకర్లకు సమానంగా ఇవ్వవు. ఎనిమిది అడుగుల దూరంలో కూర్చుని వినేవారికి, చిన్న పెట్టె అయినా సరే, మంచి 20 వాట్ల యాంప్లిఫయర్ గొంతు పాటకు చాలు.

గది కొలిచాం, పెట్టె రకం అనుకున్నాం, ఇక బేరానికి వెళ్లాం అనుకోండి. అక్కడ అన్నిటికన్నా ముందు చూడవలసినది కోన్ చుట్టూ ఉండే అంచు. ఈ విషయంలో నాకు తగిలిన దెబ్బ చెబుతాను.

2014లో విశాఖపట్నంలో ఒక పాత సామాన్ల దుకాణంలో పెద్ద అమెరికన్ స్పీకర్ల జత ఒకటి చూశాను. పేరున్న కంపెనీ, టేకు రంగు వెనీరు, ముందు గోధుమరంగు గుడ్డ. దుకాణదారుడు నన్ను చూడగానే ఒక హుషారు పాట పెట్టి వాల్యూమ్ పెంచాడు. దుకాణం అదిరిపోయింది. "గుడ్డ ఊడదీసి చూడవచ్చా బాబూ?" అని అడిగితే, "పాతది కదండీ, చిరిగిపోద్ది, వినండి చాలు" అన్నాడు. నేను కూడా ఊరుకున్నాను. ఇంటికి తెచ్చి, వారం రోజుల తరువాత గుడ్డ ఊడదీసి, అంచును చూపుడు వేలితో మెల్లగా తాకాను. నల్లని మెత్తని పదార్థం, ఎండకు కరిగిన తారులాగా, వేలికి అంటుకుని వచ్చేసింది. అంచులో చిటికెన వేలు దూరేంత సందు పడింది. ఆ సందులోనుంచి చూస్తే లోపలి దూది కనిపిస్తోంది. రెండో పెట్టెలో ఇంకా చిత్రం. ఊడిపోయిన ఫోమ్ స్థానంలో ఎవరో సైకిల్ ట్యూబు ముక్కలు కత్తిరించి, జిగురుతో వరుసగా అతికించారు. ఆ బిగువుకు కోన్ కదలనే కదలదు. పెద్ద పాట పెట్టి పెద్ద మోత చేసినప్పుడు ఆ లోపం నా చెవికి అందలేదు. డబ్బు పోయిందన్న బాధకన్నా, తాకి చూడవలసిన చోట తాకలేదన్న బాధ చాలాకాలం ఉండిపోయింది.

ఆ ఫోమ్ ఎందుకు అలా అయిపోతుందో చెబుతాను. 1970ల నుంచి చాలా కంపెనీలు అంచుకు పాలీయురెథేన్ ఫోమ్ వాడాయి. తేలిక, మెత్తన, కోన్ స్వేచ్ఛగా కదులుతుంది. కాని గాలిలోని తేమ ఆ ఫోమ్‌లోని బంధాలను ఒక్కొక్కటిగా తెంచుతుంది, ఎండ తోడైతే ఆ పని మరింత త్వరగా అవుతుంది. మామూలుగా 15, 20 ఏళ్లు వచ్చేది, గోపాలపురం సముద్రపు గాలి పీల్చే మన ఊళ్లో అంతకన్నా ముందే రాలిపోవడం నేను చూశాను. రబ్బరు అంచులు మాత్రం దశాబ్దాల పాటు నిలుస్తాయి. మందు పూసిన గుడ్డ అంచులు, కోన్ కాగితాన్నే మడతలు పెట్టి చేసిన అంచులు కూడా అలాగే నిలుస్తాయి. అందువల్ల మన ప్రాంతంవారికి నా సలహా ఏమిటంటే, రెండు జతలు ఇంచుమించు సమానంగా ఉంటే రబ్బరు అంచున్న జత తీసుకోండి. ఫోమ్ అంచున్న జత బాగా నచ్చితే, ఫోమ్ ఎలా ఉన్నా సరే, కొత్త ఫోమ్ వేయించే ఖర్చు ముందే ధరలోనుంచి తీసేసి బేరం చేయండి. కొత్త ఫోమ్ వేసేటప్పుడు కాయిల్, అంటే కోన్ వెనక ఉండే తీగచుట్ట, అయస్కాంతం సందులో సరిగ్గా నడుమ నిలబడాలి. అది చేతనైనవారి దగ్గరికే తీసుకెళ్లాలి.

కాయిల్ సంగతి తెలుసుకోవడానికి మూడు వేళ్లను కోన్ మీద సమాన దూరంలో ఆనించి, పసిపిల్లవాడి బుగ్గ నొక్కినంత మెల్లగా లోపలికి తోయండి. చప్పుడు లేకుండా లోపలికి వెళ్లి చప్పుడు లేకుండా రావాలి. ఇసుక మీద కాగితం లాగినట్టు గరగర వినిపిస్తే కాయిల్ పక్కకు ఒరిగింది, లేదా లోపల తుప్పు చేరింది. మూసిన పెట్టె అయితే మరొకటి కూడా తెలుస్తుంది. తోసి వదిలిన కోన్ నెమ్మదిగా వెనక్కి వస్తే పెట్టె గాలి బిగువు బాగుందని, టక్కున వచ్చేస్తే ఎక్కడో గాలి కారుతోందని అర్థం. పై స్వరాలు పలికే ట్వీటరు గుండ్రటి బుడిపెను మాత్రం ఎప్పుడూ వేలితో నొక్కకండి. కాగితం కోన్ మీద గోధుమరంగు మరకలు, బూజు వాసన ఉంటే అది నీళ్లలోనో నెమ్ములోనో ఉన్న సరుకు.

పెట్టె చెక్క విషయం మన ఊరివారికి నేను వేరే చెప్పనక్కర లేదు. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు మన ఇళ్లలోకి వచ్చిన నీళ్లు మీకందరికీ గుర్తున్నాయి. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలకలు ఒక్కసారి తడిస్తే ఉబ్బిపోతాయి, ఆరినా మళ్లీ పూర్వస్థితికి రావు. ప్లైవుడ్ కొంత తట్టుకుంటుంది. పెట్టెను బోర్లా పడుకోబెట్టి అడుగు భాగం చూడండి. మూలల్లో గోరుతో గీరితే పొట్టు రాలినా, అంచులు పువ్వులా విచ్చుకుని ఉన్నా ఆ జతను అక్కడే వదిలి రండి. పై పాలిష్ ఎంత మెరిసినా నమ్మవద్దు. పెట్టె వెనక రంధ్రం ఉంటే టార్చి వేసి లోపల ఎలుక గూడు, చెద మట్టి లేవని చూసుకోండి.

సంచిలో ఒక మల్టీమీటరు, ఒక 1.5 వోల్టుల టార్చి సెల్లు, రెండు తీగ ముక్కలు పెట్టుకుని వెళ్లండి. ఓమ్ అంటే విద్యుత్ నిరోధానికి కొలత. 8 ఓమ్‌ల వూఫరును విడిగా కొలిస్తే మీటరు 6, 7 మధ్య చూపాలి, 4 ఓమ్‌లదైతే 3, 3.5 దగ్గర చూపాలి. రెండు పెట్టెల్లోనూ ఇంచుమించు ఒకే అంకె రావడం అసలు ముఖ్యం. రాకపోతే ఎప్పుడో ఒకదాన్ని మార్చారన్నమాట. సెల్లు పాజిటివ్‌ను ఎర్ర టెర్మినల్‌కు తాకిస్తే కోన్ బయటికి రావాలి. పాత జేబీఎల్ స్పీకర్లలో మాత్రం ఆ కంపెనీ పద్ధతి ప్రకారం లోపలికి వెళుతుంది, దాన్ని లోపమనుకోవద్దు.

నేను చివరికి సంతృప్తితో కొన్న జత పర్లాకిమిడిలో దొరికింది. పాత పరిచయస్తుల ద్వారా తెలిసి ఒక ఇంటికి వెళ్లాను. ఆ ఇంటి పెద్దాయన కాలం చేసి ఆరేడేళ్లయింది. ఆయన భార్య, డెబ్బై దాటిన అమ్మగారు, స్పీకర్ల మీద కప్పిన ఎర్ర అంచు తువ్వాలు తీసి, "ఆయన పోయాక ఎవరూ పెట్టలేదు బాబూ, శుక్రవారం శుక్రవారం దులుపుతున్నానంతే" అన్నారు. ఇంగ్లండులో చేసిన చిన్న పెట్టెలు, ప్లాస్టిక్ కోన్, రబ్బరు అంచు. ప్లాస్టిక్ కోన్‌కు బూజు పట్టదు, చెద పట్టదు. అప్పటికే నాకు సగం మనసు కుదిరింది. వెనక అట్ట మీద నంబర్లు వరుసగా ఉన్నాయి, అంటే ఫ్యాక్టరీలో జతగా పుట్టినవే. వూఫర్లు 6.7, 6.8 చూపాయి. ఒక ట్వీటరు మాత్రం ఏమీ చూపలేదు. తీగ తెగిన గుర్తు. "అమ్మా, ఇందులో ఒకటి పలకడం లేదు, బాగవుతుందో లేదో చెప్పలేను" అని ఉన్నమాట చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం చూసి, "అయితే మీకు తోచింది ఇవ్వండి నాయనా, పాటలు వినేవారింట్లో ఉంటే చాలు" అన్నారు. నేను రెండూ బాగున్నట్టే లెక్కగట్టి ఇచ్చాను. ఇంటికి తెచ్చి విప్పితే తెగింది కాయిల్ కాదు. టెర్మినల్ దగ్గర టంకం వదిలేసింది. ఒక చుక్క సోల్డర్‌తో పలికింది.

ఆ జతలోనే కండెన్సర్ల పాఠం నేర్చుకున్నాను. పెట్టె లోపల క్రాసోవర్ అనే చిన్న పలక ఉంటుంది. కింది స్వరాలను వూఫరుకు, పై స్వరాలను ట్వీటరుకు పంచేది అదే. అందులో పై స్వరాలనే ట్వీటరు వైపు పోనిచ్చే ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు ముప్పై, నలభై ఏళ్లకు లోపల ఎండిపోతాయి, వాటి విలువ పక్కకు జరుగుతుంది. 4 మైక్రోఫారడ్‌లని రాసి ఉన్నది నా మీటరులో 5.6 చూపింది. దాంతో ట్వీటరు తనది కాని కింది స్వరాలను కూడా మోయవలసి వస్తోంది. మరోవైపు కండెన్సర్ లోపలి నిరోధం పెరిగి ట్వీటరు గొంతు మసకబారుతోంది. పాత స్పీకర్లకు సహజంగానే మెత్తని గొంతు ఉంటుందని చాలామంది మెచ్చుకునేది కొన్నిసార్లు ఈ ఎండిన కండెన్సర్ల మసకే. రెండు పెట్టెల్లోనూ ఒకేసారి, అసలు రాసి ఉన్న విలువకే మార్చాను. ఘంటసాల గొంతులో పదం చివర ఊపిరి వదిలే చప్పుడు మొదటిసారి విన్నది ఆ రాత్రే.

వినడం ఎలాగో కూడా చెప్పాలి. దుకాణంలో వారు పెట్టే పాట కాకుండా, మీరు వందసార్లు విన్న పాటను మీరే తీసుకెళ్లండి. 1950, 60ల నాటి తెలుగు పాటలు మోనోలో రికార్డయినవి. మోనో పాట రెండు స్పీకర్లలో సమానంగా వస్తుంది కాబట్టి, గాయకుడు సరిగ్గా రెండింటి నడుమ నిలబడి పాడుతున్నట్టు ఉండాలి. గొంతు ఒక పక్కకు జరిగితే జతలో తేడా ఉంది. గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా చెదిరిపోయి, కింది స్వరాలు పలచబడితే ఒకదానికి తీగలు తిరగబడ్డాయి. తరువాత వాల్యూమ్ బాగా తగ్గించి, పక్క గదిలో పెద్దవారు నిద్రపోతున్నప్పుడు వినేంత మెల్లగా వినండి. మాటలు అప్పుడు కూడా అర్థమైతే ఆ స్పీకర్ ఇంటికి పనికొస్తుంది. గరగరలాడే పాత 78 రికార్డులు వినేవారు పై స్వరాలు మరీ మెరిసే ట్వీటర్లకు దూరంగా ఉండడం మంచిది. ఆ రికార్డులలో పాట స్వరాలకన్నా పైన ఉండే స్వరాలలో గీతల చప్పుడే ఎక్కువ ఉంటుంది.

ఇంటికి తెచ్చేటప్పుడు పెట్టెలను ముఖాముఖి పెట్టి, నడుమ అట్టముక్క ఉంచి, బొంతతో చుట్టండి. తెచ్చిన తరువాత గోడకు ఆనించకండి. గోడ దగ్గర కింది స్వరాలు 6 డెసిబెల్స్ వరకు పెరుగుతాయి, మూలలో అంతకన్నా ఎక్కువ. ట్వీటరు మీ చెవి ఎత్తుకు రావాలి. మీరు కూర్చునే కుర్చీ వెనక గోడకు ఆనకుండా ఉండాలి. వానకాలంలో వాడినా వాడకపోయినా వారానికి రెండు మూడు గంటలు పాట పెట్టండి, వెనక గోడకు నెమ్ము వస్తే స్టాండు ముందుకు జరపండి.

పర్లాకిమిడి జతను ఈ రోజు ఇక్కడికి తెచ్చాను. ఈ మందిరం నా గదికన్నా పెద్దది కాబట్టి మా ఇంట్లో వినిపించినట్టు ఇక్కడ వినిపించదు, ముందే చెబుతున్నాను. మొదట ఆ మూల గోడకు ఆనించి ఒక తంబూరా, మృదంగం ముక్క వినిపిస్తాను. తరువాత అదే ముక్కను రెండడుగులు ముందుకు జరిపి వినిపిస్తాను. నడుమ వరుసలో ఆరు కుర్చీలు వేశారు. పెద్దవారు ముందు కూర్చోండి, తక్కినవారు ఆరేసి మంది చొప్పున రండి. ఫ్యాన్లు రెండు నిమిషాలు ఆపమని కార్యదర్శి గారిని కోరుతున్నాను.